పెద్దవయసు అమ్మానాన్నలకి షుగర్ ఉంటే: పక్కనుండి చూసుకునేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

రాత్రి రెండు దాటాక వంటింట్లో చప్పుడైతే లేచి వెళ్లాను. అమ్మ అల్మరా తలుపు తీస్తోంది, మూస్తోంది, మళ్లీ తీస్తోంది. "ఏం కావాలమ్మా?" అంటే "నీకెందుకు, పోయి పడుకో" అని కసిరింది. అమ్మ అలా కసిరే మనిషి కాదు. భుజం మీద చెయ్యేస్తే బట్టలు చెమటకి తడిసిపోయి ఉన్నాయి. మీటర్ పెడితే 52. ఆ రాత్రి ఆకలి లేదని రెండు ముద్దలు తిని లేచిపోయింది, మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకుంది. మాత్ర మర్చిపోలేదని నేను మెచ్చుకున్నాను కూడా.

అప్పటిదాకా నా ధ్యాసంతా షుగర్ పెరగకుండా కాపలా కాయడం మీదే. పెద్దవయసు వాళ్ల విషయంలో భయపడాల్సిన వరస వేరని ఆ రాత్రి తెలిసింది. కొంచెం ఎక్కువగా ఉన్న షుగర్ హాని చెయ్యడానికి ఏళ్లు తీసుకుంటుంది. పడిపోయిన షుగర్‌కి అరగంట చాలు. అందుకే ఇక్కడ కూడా ఆ వరసలోనే రాస్తున్నాను. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. మందు మార్చడం, ఆపడం మాత్రం డాక్టర్‌ని అడక్కుండా చెయ్యొద్దు.

మొదటి పని: ఎంత ఉండాలో డాక్టర్ చేత రాయించుకోండి

యాభై ఏళ్ల మనిషికి పెట్టే లక్ష్యం ఎనభై ఏళ్ల మనిషికి పనికిరాదు. మూడు నెలల సగటు అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ, వేరే పెద్ద జబ్బులేవీ లేకుండా తన పనులు తాను చేసుకునే పెద్దవాళ్లకి 7 నుంచి 7.5 లోపు ఉంటే బాగున్నట్టే. గుండె, కిడ్నీ లాంటి సమస్యలు మూడు నాలుగు కలిసి ఉన్నా, మతిమరుపు మొదలైనా 8 లోపు ఉంటే చాలంటారు. పొద్దున పరగడుపు రీడింగ్ వేరే జబ్బుల్లేని పెద్దవాళ్లకి 80-130, సమస్యలు కలిసి ఉన్నవాళ్లకి 90-150 మధ్య ఉండొచ్చు. బాగా నీరసించి మంచాన ఉన్నవాళ్లకైతే సగటు సంగతి పక్కనపెట్టి, షుగర్ పడిపోకుండా, అతిదాహంతో, అతిమూత్రంతో బాధపడకుండా చూస్తారు. హెచ్‌బీఏ1సీ అంకెలు శాతంలో, మీటర్ రీడింగులు మిల్లీగ్రాముల లెక్కలో చెప్తున్నాను. మీ మీటర్ మిల్లీమోల్స్‌లో చూపిస్తే 18తో గుణించుకోండి.

"మరీ 8 అంటే ఎక్కువ కదా" అని చుట్టాలెవరో తప్పకుండా అంటారు. వాళ్ల నాన్నకి 6.2 అట. అమెరికా, కెనడాల్లో 10,251 మందితో జరిగిన అకార్డ్ అనే పరిశోధనలో కొందరికి హెచ్‌బీఏ1సీని 6 కిందికి దించాలని గట్టిగా మందులు వాడారు. ఆ గుంపులో మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2008లో ఆ ప్రయత్నాన్ని మధ్యలోనే ఆపేశారు. తక్కువ అంకె అంటే మంచి మార్కులు అనుకోవడానికి ఇదేం పరీక్ష కాదు. పైగా రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించినా హెచ్‌బీఏ1సీ అసలు పరిస్థితిని సరిగ్గా చూపించదు. అలాంటివేమైనా ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

రెండో పని: లో షుగర్‌ని గుర్తుపట్టడం నేర్చుకోండి

మిగతావన్నీ నెమ్మదిగా నేర్చుకోవచ్చు, ఇది మాత్రం ఈరోజే.

70 కంటే తగ్గితే లో షుగర్. 54 కంటే తగ్గితే ప్రమాదం. వణుకు, చెమట, గుండెదడ, ఆకలి అని అందరూ చెప్తారు. పెద్దవాళ్లలో అవి సరిగ్గా కనపడకపోవచ్చు. వాటి బదులు తికమకపడటం, మాట తడబడటం, నడుస్తూ తూలిపోవడం, కారణం లేని కోపం, ఎంత లేపినా లేవని మత్తు వస్తాయి. మనం "వయసైపోయింది, చాదస్తం" అని సర్దుకుపోతాం. బీపీకో గుండెకో అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడుతుంటే దడ, వణుకు అసలు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కాబట్టి మనిషిలో ఏ తేడా కనిపించినా ముందు మీటర్ పెట్టండి. మీటర్ దొరక్కపోతే వెతుక్కుంటూ కూర్చోకండి, తీపి ఇచ్చేయండి. షుగర్ ఎక్కువున్నప్పుడు ఒకసారి తీపి ఇస్తే వచ్చే నష్టం చాలా తక్కువ.

తెలివిలో ఉండి, మింగగలిగితే 15 గ్రాముల చక్కెర ఇవ్వాలి. అంటే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి గానీ, 120 మిల్లీలీటర్ల పళ్లరసం గానీ, గ్లూకోజ్ పొడి గానీ. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటాక, తర్వాతి భోజనానికి టైముంటే ఏదో ఒకటి తినిపించండి. చాక్లెట్ ఇవ్వొద్దు. అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రలు వేసుకునేవాళ్లకి మామూలు పంచదార త్వరగా పనిచెయ్యదు. ఆ మాత్రలు పంచదారని విడగొట్టే ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి. వాళ్లకి గ్లూకోజే ఇవ్వాలి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. పడిపోయిన షుగర్‌ని పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉండి, మీకు వాడటం నేర్పి ఉంటే అది ఇవ్వండి.

రీడింగ్ 110కి వచ్చింది కదా అని అంతటితో వదిలెయ్యకండి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రల వల్ల పడిపోతే, ముఖ్యంగా కిడ్నీ సరిగా లేనివాళ్లకి, కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. నేను ఆ రాత్రి తెల్లారేదాకా అలారం పెట్టుకుని లేచి చూశాను. పొద్దున్నే డాక్టర్‌కి చెప్తే మాత్ర మోతాదు సగం చేశారు. "ఒక్కసారే కదా వచ్చింది" అని ఊరుకుని ఉంటే మోతాదు అలాగే ఉండేది.

గ్లూకోజ్ పొట్లాలు మంచం పక్కన, వంటింట్లో, అమ్మ చేతిసంచిలో, నా సంచిలో పెట్టాను. బీరువాలో భద్రంగా దాచిన గ్లూకోజ్ వల్ల ఉపయోగం లేదు.

మూడో పని: మందులన్నీ బల్ల మీద పరవండి

ఒక ఆదివారం అమ్మని కూర్చోబెట్టుకుని డబ్బా, సంచి, తలగడ కింద ఉన్నవీ అన్నీ బయటికి తీశాం. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో దొరికింది. ఒకటి పాత డాక్టర్ రాసింది, ఇంకోటి కొత్త డాక్టర్ రాసింది. అమ్మ రెండూ నమ్మకంగా వేసుకుంటోంది.

కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. ఒక కాగితం మీద రాయండి: మందు, మోతాదు, ఎప్పుడు, దేనికి, ఎవరు రాశారు. షుగర్ మందుల పక్కన ఇంకో గడి గీసి "దీనివల్ల షుగర్ పడిపోతుందా?" అని రాసుకోండి. ఇన్సులిన్‌కి, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్‌లకి జవాబు అవును. గ్లిబెన్‌క్లమైడ్ పెద్దవాళ్లకి మంచిది కాదని డాక్టర్లే సాధారణంగా మానేస్తారు, ఇంకా వాడుతుంటే అడగండి. మెట్‌ఫార్మిన్, పేరు చివర గ్లిప్టిన్ అని ఉండేవి, గ్లిఫ్లోజిన్ అని ఉండేవి ఒంటరిగా వాడితే షుగర్ అంతగా పడిపోదు. అయితే రెండు మందులు కలిపిన మాత్రలు చాలా వస్తున్నాయి. మెట్‌ఫార్మిన్ అనుకుని వేసుకునేదాంట్లో గ్లిమిపిరైడ్ కూడా ఉండొచ్చు.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. కాళ్ల తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు దానివల్ల కూడా రావచ్చు. "షుగర్ కదా, తిమ్మిర్లు మామూలే" అనుకోకుండా ఆ రక్తపరీక్ష చేయించండి. కిడ్నీ పనితీరు చూపే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. గ్లిఫ్లోజిన్‌లు గుండెకి, కిడ్నీకి మేలు చేస్తాయి గానీ మూత్రం పోసే చోట దురద, ఇన్ఫెక్షన్ రావచ్చు. అమ్మలు, నాన్నలు సిగ్గుపడి ఆ మాట పిల్లలకి చెప్పరు, మీరే సూటిగా అడగాలి. కీళ్ల నొప్పులకో ఆయాసానికో స్టెరాయిడ్ ఇస్తే షుగర్ ఎగబాకుతుంది. ఆ రోజుల్లో మీటర్ ఎక్కువసార్లు పెట్టండి.

వారం రోజుల గడులుండే మాత్రల డబ్బా కొనండి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు కలిపి వెయ్యొద్దు.

నాలుగో పని: ఇన్సులిన్ వేసుకుంటుంటే ఒకసారి కళ్లారా చూడండి

సలహా ఇవ్వకుండా పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడండి. చూపు మందగించిన మనిషి 12కి, 16కి మధ్య గీతల్ని ఎలా లెక్కపెడుతోందో చూస్తే మీకే తెలుస్తుంది.

సీసా, సిరంజి పద్ధతి అయితే ముందు చూడాల్సింది ఇది. ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ ఉంటాయి, 100 యూనిట్లవీ ఉంటాయి. సిరంజిలూ అలాగే రెండు రకాలు. సాధారణంగా 40కి ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. 100 సీసాలోంచి 40 సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. మూత రంగుని నమ్ముకోకుండా సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని చదవండి.

పెన్ అయితే ప్రతిసారీ ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి, సూది చివర చుక్క కనిపించాకే మోతాదు తిప్పాలి. గుచ్చి బటన్ నొక్కాక పది లెక్కపెట్టి సూది తియ్యాలి. తెల్లగా మబ్బుగా ఉండే రకం అయితే అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి, తలకిందులు చేసి కలపాలి. గట్టిగా ఆడించకూడదు. ఒకేచోట పొడుస్తూ ఉంటే అక్కడ చర్మం కింద మెత్తటి గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పెద్దవాళ్లకి అదే ఇష్టమైన చోటు. కానీ ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఎక్కుతుంది. రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయంటే పొట్ట మీద చెయ్యి పెట్టి తడిమి చూడండి.

తెరవనివి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఐస్ కట్టే గదిలో కాదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పారేయాల్సిందే. వాడుతున్నది చల్లటి గదిలో చాలా రకాలకి 28 రోజులు బాగుంటుంది. తెరిచిన తేదీ స్కెచ్ పెన్‌తో రాసిపెట్టండి. ఇన్సులిన్ వేశాక భోజనం ఆలస్యం కాకూడదు. తింటారో లేదో తెలియని రోజు ఏం చెయ్యాలో ముందే డాక్టర్‌ని అడిగి రాసుకోండి.

మీటర్, పుస్తకం

గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడవాలి. పండు కోసిన చేత్తో గుచ్చితే పండులోని చక్కెర కూడా రీడింగులోకి వస్తుంది. అమ్మకి ఒకసారి 290 వచ్చి నాకు టెన్షన్ పట్టుకుంది, చెయ్యి కడిగి చూస్తే 148. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్‌ల గడువు తేదీ చూడండి, డబ్బా మూత తెరిచి వదలొద్దు. మంచి మీటర్లకి కూడా 15 శాతం అటూఇటూ తేడా ఉంటుంది. కాబట్టి వెంటవెంటనే చూస్తే 140, 155 వచ్చాయని కంగారుపడక్కర్లేదు.

రోజూ పరగడుపున మాత్రమే చూస్తే సగం కథే తెలుస్తుంది. ఒకరోజు పొద్దున తినకముందు, తిన్న రెండు గంటలకి. ఇంకోరోజు మధ్యాహ్నం, మరోరోజు రాత్రి. అంకె పక్కన ఆరోజు సంగతి రెండు మాటల్లో రాయండి: "ఆలస్యంగా తింది", "జలుబు", "ఎక్కువ నడిచింది". డాక్టర్‌కి ఆ రెండు మాటలే ఎక్కువ పనికొస్తాయి. లో షుగర్ తరచూ వస్తుంటే చేతికి అంటించే సెన్సర్ గురించి అడగండి. పడిపోతున్నప్పుడు అది ఫోన్‌లో మోగుతుంది. అయితే రక్తంలో వచ్చిన మార్పు దాంట్లో కొన్ని నిమిషాల ఆలస్యంగా కనిపిస్తుంది. మనిషి తేడాగా ఉండి, సెన్సర్ బాగానే ఉందంటే వేలు గుచ్చి చూడండి.

తిండి: పోలీసు పని మానేయండి

ఇక్కడ నేను చేసిన తప్పే అందరూ చేస్తారు. కంచంలోకి తొంగిచూడటం, చేతిలోంచి లాక్కోవడం, "నీకు వద్దు" అనడం. ఫలితం, అమ్మ దాచుకుని తినడం మొదలుపెట్టింది. దాచుకుని తిన్నది పుస్తకంలోకి రాదు, రీడింగ్ మాత్రం పెరుగుతుంది. దాంతో డాక్టర్ మందు పెంచుతారు. దాచుకున్నది అయిపోయిన రోజున షుగర్ పడిపోతుంది.

పెద్దవాళ్లకి తక్కువ తినడం కంటే వేళకి తినడం ముఖ్యం. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు మాంసకృత్తులు, పావు వంతు పిండిపదార్థం అనేది తేలికైన లెక్క. మాంసకృత్తులు తగ్గనివ్వొద్దు. కండ కరిగితే నడక పోతుంది. అనుకోకుండా బరువు తగ్గుతుంటే "షుగర్‌కి మంచిదే" అనుకోకండి, డాక్టర్‌కి చెప్పండి, మందుల మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు. సరిగా తినడం లేదంటే నోరు తెరిచి పళ్లు, చిగుళ్లు చూడండి. అమ్మ విషయంలో ఆకలి లేకపోవడం కాదు, దవడ పన్ను కదులుతోంది.

తీపి తినాలనిపిస్తే మీ ముందే, భోజనంతో పాటు, పిండిపదార్థం కొంచెం తగ్గించుకుని తిననివ్వండి. మా ఇంట్లో దాచడం ఆగిపోయింది అలాగే.

పాదాలు

నేను రోజూ చేసే పనుల్లో ఇది మూడు నిమిషాల పని. రాత్రి అమ్మ కాళ్లు ఒళ్లో పెట్టుకుని, ఫోన్ టార్చి వేసి మడమ, అరికాలు, వేళ్ల సందులు చూస్తాను. పగుళ్లు, బొబ్బలు, ఎర్రబారడం, ఒక కాలు రెండోదానికంటే వేడిగా ఉండటం చూసుకోవాలి. ఒకసారి అరికాల్లో చిన్న సేఫ్టీపిన్ ముక్క దిగి ఉంది. అమ్మకి తెలియనే తెలియదు. నరాలు మొద్దుబారితే నొప్పి చెప్పదు, కాబట్టి కళ్లతోనే చూసుకోవాలి.

ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి దులపాలి. వేడినీళ్ల బ్యాగుతో కాపడం పెట్టొద్దు. స్నానం నీళ్లు వాళ్ల పాదంతో కాదు, మీ మోచేత్తో చూడండి. మడమలకి క్రీమ్ రాయండి, వేళ్ల సందుల్లో వద్దు, తడికి ఫంగస్ పడుతుంది. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించండి. ఆనెకాయల్ని బ్లేడుతో ఇంట్లో కొయ్యనివ్వకండి. పుండు పడితే, నల్లబడితే, వాసన వస్తే రేపటిదాకా ఆగొద్దు.

నడక మంచిదే, అయితే పడిపోకుండా. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే బీపీ కూర్చున్నప్పుడు, నిలబడ్డాక రెండుసార్లూ చూడమనండి. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్డు, రాత్రికి చిన్న దీపం ఉండాలి.

జ్వరం, వాంతులు వచ్చిన రోజు

తిండి తినకపోయినా జబ్బు వల్ల షుగర్ పెరుగుతుంది. "తినలేదు కదా" అని ఇన్సులిన్ పూర్తిగా ఆపెయ్యొద్దు, డాక్టర్‌కి ఫోన్ చేసి మోతాదు అడగండి. మరోవైపు వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే మెట్‌ఫార్మిన్, గ్లిఫ్లోజిన్, కొన్ని బీపీ మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి వస్తుంది. ఏవి ఆపాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి కాగితం మీద పెట్టుకోండి. మూడు నాలుగు గంటలకోసారి మీటర్ పెట్టండి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించండి. పెద్దవాళ్లకి దాహం సరిగా తెలియదు. రీడింగ్ 300 పైనే ఉండిపోయినా, నీళ్లు నిలవకపోయినా, మనిషి మగతలోకి జారుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్ 600 దాటి మత్తులోకి వెళ్లే ప్రాణాంతక స్థితి ఎక్కువగా పెద్దవాళ్లకే వస్తుంది.

ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమట, విపరీతమైన నీరసం వస్తే మీటర్ పెట్టండి. షుగర్ బాగుంటే గుండె అనుకుని పరుగెత్తండి.

ఏడాదికోసారి

కంటి పాపని పెద్దదిచేసి చూసే రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్, పాదాల్లో స్పర్శ పరీక్ష, పళ్ల డాక్టర్, ఫ్లూ టీకా. నిమోనియా టీకా గురించి ఒకసారి అడగండి. జ్ఞాపకశక్తి, మనసు బాగోలేకపోవడం గురించి కూడా నోరు తెరిచి చెప్పండి. మతిమరుపు మొదలైన మనిషి చేతిలో ఇన్సులిన్ వదిలెయ్యకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల కాగితం, రీడింగుల పుస్తకం, మూడు ప్రశ్నలు తీసుకెళ్లండి. నాలుగోది అడిగే టైం ఉండదు. నేను ప్రతిసారీ అడిగేది: "వీటిలో ఏదైనా మాత్ర తీసెయ్యొచ్చా?" ఇది మనం అడక్కపోతే ఎవరూ గుర్తు చెయ్యరు. జవాబు చెప్పే పని అమ్మకే వదలండి. డాక్టర్ అమ్మని అడిగితే మీరు అందుకోకండి.

దూరంగా ఉంటే

"షుగర్ ఎంత?" అని ఫోన్ మొదలుపెట్టకండి. మా తమ్ముడు అలాగే అడిగేవాడు, అమ్మ ఎప్పుడూ "130 రా" అనేది. మీటర్ మెమరీ తీసి చూస్తే ఆ వారంలో ఒక్కసారి కూడా పెట్టలేదు. ఇప్పుడు వాడు "ఏం తిన్నావమ్మా, ఎన్నింటికి తిన్నావు, రాత్రి నిద్ర పట్టిందా" అని అడుగుతున్నాడు. వాటి నుంచే కావాల్సింది తెలుస్తుంది. దగ్గర్లో ఉండే ఒకరి దగ్గర ఇంటి తాళంచెవి ఉంచండి. వీడియో కాల్‌లో వారానికోసారి పాదాలు, మాత్రల డబ్బా చూపించమనండి.

దగ్గరుండి చూసుకునేవాళ్లకి వారానికి ఒక పూటైనా సెలవు కావాలి. తోబుట్టువులు డబ్బు మాత్రమే పంపితే సరిపోదు, ఒక వారం వచ్చి రాత్రుళ్లు లేవమని అడగండి. అడగడానికి నాకు రెండేళ్లు పట్టింది.

చివరి పని, ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. మందుల పట్టిక, లో షుగర్‌కి ఏమివ్వాలి, డాక్టర్ నంబరు, అంబులెన్స్ నంబరు, ఏ మందు పడదు. ఇంట్లో కొత్త మనిషి ఉన్నా అది చూసి చెయ్యగలగాలి. మా ఇంట్లో ఆ కాగితం కింద అమ్మ తన చేత్తో ఒక ముక్క రాసింది: "నేను కోప్పడితే పట్టించుకోకుండా మీటర్ పెట్టండి."